పదకొండు పాటలు, పంతొమ్మిది నిమిషాలు

బెంగళూరు
19 జనవరి 2025

సాల్మన్ మామయ్యా,

నీకు ఉత్తరం రాసి ఏడాది దాటింది. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. వాట్సాప్ పెడితే అత్తయ్య ఫోన్‌లో పది రోజులకు చూస్తావు. అదీకాక ఈ సంగతి కాగితం మీదే చెప్పాలనిపించింది. సంతోషకుమారి అత్తయ్యకి మిరప కోతలు మొదలయ్యాయా? ఈసారైనా చేతులకు గ్లౌజులు వేసుకోమను. నేను పంపినవి పెట్టెలో దాచుకుందని నాకు తెలుసు.

నేను చేసే ఉద్యోగం ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మాది నలుగురం పనిచేసే చిన్న రికార్డు కంపెనీ. ఎవరి అటకల మీదో దుమ్ము పట్టిన క్యాసెట్లు వెతికి, శుభ్రం చేసి, మళ్లీ తెస్తాం. ఈ ఏడాది పెద్ద పనే పెట్టుకున్నాం. 1979 నుంచి 1999 దాకా మన దేశంలోనూ, చుట్టుపక్కల దేశాల్లోనూ పంక్ రాక్ వాయించినవాళ్ల పాటల్లో మంచివి ఏరి, రెండు పెద్ద నల్ల ఎల్పీ రికార్డులుగా వేస్తున్నాం. పంక్ అంటే నీకు నేను చెప్పాలా? గిటార్ తీగల మీద మూడు కార్డ్స్ పట్టడం వస్తే చాలు, చెప్పదలచుకున్నది వేగంగా, గట్టిగా, ఎవరికీ జడవకుండా చెప్పేసే పాట. దానికి అన్నదమ్ములు ఉన్నారు, ఇంకా వేగంగా వాయించే హార్డ్‌కోర్, దిగులుగా ఉండే పోస్ట్ పంక్, కాళ్లు ఆగనివ్వని స్కా. అవి కూడా ఉంటాయి.

పోయిన మంగళవారం మైసూరు నుంచి ఒక పెట్టె వచ్చింది. క్యాసెట్లు పోగుచేసే ఒక పెద్దాయన చనిపోతే ఆయన చెల్లెలు పంపింది. అందులో ఒకదాని మీద ఊదా సిరాతో తెలుగు అక్షరాలు. ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. "దగ్గు. గుంటూరు. 1992." లోపల కాగితం మీద మూడు పేర్లు: మరియదాసు, నాగూర్ వలి, సాల్మన్. 'మ' రాసే తీరు చూసి గుండె ఆగినంత పనైంది. నా ప్రతి పుట్టినరోజు ఉత్తరంలోనూ ఆ 'మ' చూశాను.

క్యాసెట్ పెట్టాం. మొదట ఎవరో దగ్గారు. తర్వాత డ్రమ్స్. ఆ తర్వాత ఆ గొంతు. మామయ్యా, ఆ గొంతు గురించి ఎలా రాయను? మా ఇంజనీరు చేతిలో ఉన్న కాఫీ కప్పు బల్ల మీద పెట్టడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. పదకొండు పాటలు, పంతొమ్మిది నిమిషాలు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టాం. చిన్నప్పుడు అమ్మమ్మ అనేది, మీ మామయ్య ఏదో పాట పాడి చర్చి కమిటీ ముందు నిలబడ్డాడని. ఆ పాట ఇదేనా? అంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్లూ మాకెవరికీ చెప్పలేదేం?

అన్నీ రాయి. ఒక్కటీ వదలకు.

నోరెళ్లబెట్టి కూర్చున్న నీ మేనకోడలు,
క్రిస్టీనా

సత్తెనపల్లి
2 ఫిబ్రవరి 2025

క్రిస్టీనా తల్లికి మామయ్య వందనాలు.

నీ ఉత్తరం కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర నిలబడి చదివాను. వెనక లారీ వచ్చి ఆగిందట. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, చివరికి దిగొచ్చి నా భుజం తట్టాడు. వాచ్‌మన్ చెవిటివాడని కొత్త డ్రైవర్లకు తెలియదు. గేటు తీసి, మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఆ క్యాసెట్లు ముప్పై చేశాం. ఒక్కటన్నా మిగిలుంటుందని నేను అనుకోలేదు.

1991లో నేను గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. ఆసుపత్రిలో సేవ చేయడానికి వచ్చిన ఒక విదేశీ నర్సమ్మ తిరిగి వెళ్తూ ఒక అట్టపెట్టె వదిలేసి వెళ్లింది. పాత బట్టలు, వాటి కింద ఒక క్యాసెట్. దాని మీద పేరూ ఊరూ లేదు. నాగూర్ వలి వాళ్ల నాన్నది మైకుసెట్టు కొట్టు. అక్కడ పెట్టి చూశాం. టేప్ రికార్డరు పాడైందనుకున్నాం. అంత వేగం. వలి మిషను విప్పి బెల్టు మార్చాడు. మళ్లీ అంతే. మోటారు తుడిచాడు. మళ్లీ అంతే. చివరికి క్రైస్తవ గీతాల క్యాసెట్ ఒకటి పెట్టి చూస్తే అది ఎప్పటిలా నిదానంగా పాడింది. అప్పుడు అర్థమైంది, మిషను బాగానే ఉంది, మనుషులే అలా పాడుతున్నారని. నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇంగ్లీషు ఒక్క మాట తెలియలేదు. కోపం మాత్రం తెలిసింది. మన పేటలో ఏ ఇంటి కోపమో ఎవరో దూరదేశంలో పాడుతున్నట్టుంది.

దానిలో ఒక్కో పాట ఒక్కో గుంపుది. ఏ గుంపు పేరూ మాకు తెలియదు. నీ సంకలనంలాంటిదే అది కూడా, చేత్తో చేసుకున్నది.

మరియదాసు చర్చి గిటార్ తెచ్చాడు. వలి బేసు గిటారు ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. నాది చర్చి పాత డ్రమ్ము, దానికి తోడు ఒక కంచు పళ్లెం. సాధన చేయడానికి చోటు ఎక్కడుంది? వానాకాలం ఖాళీగా ఉన్న మిర్చి గోడౌన్ ఒకటి దొరికింది. ఖాళీ అన్నమాటే గాని గోడల్లో కారం. ఒక్క పాట దగ్గకుండా పూర్తయ్యేది కాదు. అందుకే ఆ పేరు.

గొంతు సంగతి వదిలెయ్ తల్లీ. ఎప్పటిదో అది. డ్రమ్స్ ఎలా వినపడ్డాయో రాయి. మూడో పాటలో నేను ఒక దెబ్బ తప్పాను, అది తెలుస్తోందా?

మరియదాసు పోయి పదహారేళ్లయింది. వాడి భార్య నరసరావుపేటలో ఉంటుంది. ఆమెకు కూడా ఒక రికార్డు పంపించాలి, మర్చిపోకు.

మీ అత్తయ్య గ్లౌజులు వేసుకుంటోంది. ఆదివారం చర్చికి.

సాల్మన్ మామయ్య

బెంగళూరు
20 ఫిబ్రవరి 2025

మామయ్యా,

నువ్వు తప్పిన దెబ్బ తెలుస్తోంది. దాన్ని సరిచేయనా అని మా ఇంజనీరు అడిగితే, చెయ్యి విరగ్గొడతానన్నాను. ఆ దెబ్బ తప్పిన చోటే ఆ గొంతు నవ్వుతుంది, విన్నావా? క్షమించు. గుర్తుందా అని అడగాలి.

పోయిన వారం గుంటూరు వెళ్లాను. నాగూర్ వలి మామ కొట్టు ఇప్పుడు పెద్దదైంది, పెళ్లిళ్లకు సౌండ్ సిస్టమ్స్ ఇస్తాడు. నా పేరు చెప్పగానే కూర్చోబెట్టి, వాళ్లమ్మాయి అర్ఫా చేత టీ పెట్టించి, లోపలికెళ్లి ఒక ఇనప డబ్బా తెచ్చాడు. అందులో పత్తి చుట్టి పెట్టిన క్యాసెట్. అసలుది, కాపీ కాదు. ముప్పై మూడేళ్లు చెమ్మ తగలకుండా దాచాడు. "ఏనాటికైనా అడగడానికి వస్తారనుకున్నానమ్మా, ఎవరు వస్తారో తెలియక ఆగాను" అన్నాడు.

పాడుతున్నప్పుడు మామయ్య ఎలా ఉండేవాడని అడిగాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "గొంతు సంగతి సాల్మన్‌నే అడుగు. నేను మాటిచ్చాను" అన్నాడు. మీ ఇద్దరి మధ్యా ఏదన్నా తగాదా ఉందా? నువ్వు రాసిన ఆ నాలుగోవాడి వల్లా? నలుగురం అని రాశావు. కాగితం మీద మూడు పేర్లే ఉన్నాయి.

అటునుంచి ఒంగోలు వెళ్లి అమ్మకు వినిపించాను. అది తప్పైపోయిందేమో. మొదటి పాట కదలకుండా వింది. రెండో పాట సగంలో "ఆపు క్రిస్టీనా" అని పెరట్లోకి వెళ్లిపోయింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ నిలబడింది. నాన్న ఏమైందని అడిగితే "తలనొప్పి" అంది. అమ్మకు ఆ పాటలంటే ఇంత చిరాకా? తమ్ముడు పరువు తీశాడని ఇంకా మనసులో ఉందా? నాకు అమ్మ మీద కోపం వచ్చింది, దాచుకోను.

ఒప్పందం కాగితం జతచేశాను. ఎవరు ఏం వాయించారో రాసి, సంతకం పెట్టి పంపు.

ఆ గొంతు నీదైనందుకు గర్వపడే,
క్రిస్టీనా

సత్తెనపల్లి
9 మార్చి 2025

తల్లీ,

కాగితం పంపుతున్నాను. డ్రమ్స్ దగ్గర నా పేరు రాశాను. గొంతు దగ్గర ఖాళీ వదిలాను. దాన్ని అలాగే ఉంచు.

వలికి నాకు తగాదా లేదు. వాడు మంచివాడు కాబట్టే నోరు మూసుకున్నాడు.

మీ అమ్మను ఈ విషయంలో విసిగించకు. ఆ పాటలు మళ్లీ వినిపించకు. ఆమెకు ఇష్టం లేదని నాకు ఎప్పటినుంచో తెలుసు. నేను ఒంగోలు వచ్చినప్పుడల్లా మేం పిల్లల గురించి, వానల గురించి మాట్లాడుకుంటాం, అక్కడితో సరి. అమ్మ మీద కోపం తెచ్చుకునే వయసు కాదు నీది.

మిర్చి యార్డుకు సరుకు బాగా దిగుతోంది. ఊరంతా ఘాటు. చెవులు పోయాయి గాని ముక్కు బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

మామయ్య

బెంగళూరు
14 ఏప్రిల్ 2025

మామయ్యా,

నువ్వు ఖాళీ వదిలిన చోట నేను నీ పేరు రాశాను. కోప్పడకు. నీకు మొహమాటం ఎక్కువని అమ్మమ్మ ఎప్పుడూ అనేది. రికార్డు అట్ట నమూనా పంపుతున్నాను. వెనక వైపు, రెండో రికార్డు మొదటి పాట దగ్గర చూడు: "దగ్గు, గుంటూరు. గొంతు, డ్రమ్స్: సాల్మన్." వచ్చే నెల అచ్చుకు వెళ్తుంది.

పోయిన శనివారం ఆఫీసులో ముప్పై ఒక్క పాటలూ వరుసలో పెట్టి విన్నాం. ఒకటి షిల్లాంగ్‌లో చర్చి హాల్లో పాడింది. ఒకటి బొంబాయి రైల్వే క్వార్టర్స్‌లో. ఒకటి కొలంబోలో, బయట కర్ఫ్యూ ఉండగా. ఒకళ్లకొకళ్లు తెలియదు. ఒకళ్ల భాష ఒకళ్లకు రాదు. అయినా పక్కపక్కన పెడితే ఒకే ఇంట్లో పుట్టినట్టున్నాయి. అది వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఇంతమంది, ఇన్ని ఊళ్లలో, ఏ రేడియోలోనూ వినపడకుండా అరిచారా అని.

షిల్లాంగ్ పాట పాడినాయన కూడా వచ్చాడు. అరవై దాటాయి, నెమ్మదస్తుడు. మన పాట మొదలయ్యాక మధ్యలో లేచి నిలబడ్డాడు. అయిపోయేదాకా కూర్చోలేదు. మాటలకు అర్థం చెప్పమన్నాడు. చెప్పాను:

"చేతులు కడిగినా మంట పోదు
కళ్లు తుడిస్తే కళ్లకు మంట
బిడ్డనెత్తితే బిడ్డకు మంట
ఎవరి కూరకో ఈ ఎరుపంతా"

ఆయన రెండోసారి చెప్పమన్నాడు. తర్వాత "ఈ మనిషి ఇంకా బతికే ఉన్నాడా?" అని అడిగాడు. ఉన్నాడు, మా మామయ్యే అన్నాను. నా చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. అది నీకు దక్కాల్సింది, ప్రస్తుతానికి నా దగ్గరుంది.

ఈస్టర్‌కు రాలేను, పని ఉంది. అత్తయ్యకు ముద్దులు.

క్రిస్టీనా

సత్తెనపల్లి
27 ఏప్రిల్ 2025

క్రిస్టీనా,

నీ అట్ట నమూనా వచ్చి నాలుగు రోజులైంది. నా పేరు చూసి, మడతపెట్టి, బైబిల్లో పెట్టాను. రోజూ తీసి చూస్తున్నాను. ఆ పెద్దమనిషి నీ చెయ్యి కళ్లకు అద్దుకున్నాడని రాశావే, అది చదివాక ఇక ఊరుకోకూడదనిపించింది. ఒకసారి చెప్పిన అబద్ధం వేరు. దాన్ని అట్ట మీద అచ్చు వేయించుకోవడం వేరు.

ఆ గొంతు మీ అమ్మది.

అక్క అప్పుడు గుంటూరులోనే టీచర్ ట్రైనింగు చేస్తోంది. శనివారాలు నాకు క్యారేజీ తెచ్చేది. ఆ క్యాసెట్ విన్న నలుగురిలో నాలుగో మనిషి ఆమె. మేం ముగ్గురం బిక్కమొహాలు వేసుకుని కూర్చుంటే అక్క అంది, "ఇలా నేనూ అరవగలను." మరియదాసు నవ్వాడు. "నాకు ఇరవై ఏళ్లొచ్చాయి. ఇంతవరకూ ఒక్క మాట గట్టిగా మాట్లాడలేదు. అదంతా లోపలే ఉంది" అంది. మరుసటి శనివారం మూడు పాటలు రాసుకొచ్చింది. పదకొండూ ఆమె రాసినవే. చేతుల మంట పాట మా అమ్మ గురించి.

ఆమె మొదటిసారి మైకు పట్టుకున్న రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నాకు పంతొమ్మిది కూడా నిండలేదు. ఆమె పక్కన తిని, ఆమె పక్కన పడుకుని పెరిగాను. ఆ గొంతు మా ఇంట్లోనే ఉందని నాకు తెలియదు. చేతుల్లో కర్రలు ఆగిపోయాయి. "వాయించవేంరా" అంది.

1993 మే నెలలో కొత్తపట్నంలో యువజన కూటాలు జరిగాయి. సముద్రం ఒడ్డున తాటాకు పందిరి. మాకు మూడు పాటలకు సమయం ఇచ్చారు, క్రైస్తవ గీతాలనుకుని. అక్క నా చొక్కా, ప్యాంటు వేసుకుని తలకు తువ్వాలు చుట్టుకుంది. సన్నగా ఉండేది, ఎవరూ పోల్చుకోలేదు. మూడో పాటలో ఇలా ఉంటుంది:

"చేలో ముందు సాలు మా అమ్మది
చర్చిలో వెనక చాప మా అమ్మది"

పాట అయిపోయింది. వెనక చాపల మీద ముసలమ్మలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. చప్పట్లు లేవు, ఏమీ లేదు, ఊరికే నిలబడ్డారు. పెద్దలు వచ్చి మైకు తీయించేశారు.

వారం తిరక్కుండా మన ఊళ్లో కమిటీ కూర్చుంది. మా నాన్న క్రీస్తుదాసు ఆ చర్చికి ఉపదేశి, పాస్టరు రాని వారాల్లో ప్రసంగం ఆయనదే. ఆ వారమే అక్కకు మన ఊరి చర్చి బళ్లో టీచరు ఉద్యోగం కాగితం మీద కమిటీ వాళ్లు సంతకం పెట్టాలి. కొత్తపట్నంలో మమ్మల్ని కళ్లారా చూసినవాళ్లు వాళ్లలో ఎవరూ లేరు. క్యాసెట్ బల్ల మీద పెట్టి, "ఈ గొంతు ఎవరిది" అని అడిగారు. ఆడవాళ్ల వైపు అక్క లేవబోవడం చూశాను. అప్పటికే నేను లేచాను. నాది అన్నాను.

జయరావు గారు సెక్రటరీ. "అయితే పాడు" అన్నాడు. పాడాను. అక్కలాగా అరిచాను. రెండో పాదంలో గొంతు చీరుకుపోయి నోట్లో రక్తం రుచి తగిలింది. వాళ్లు నమ్మారు. ఆడపిల్ల అలా అరుస్తుందని వాళ్ల ఊహకే రాదు. నా అబద్ధానికి అదే సాయం చేసింది.

ఏడాది పాటు ప్రభువు బల్లకు, అక్కడి రొట్టెకు, ద్రాక్షరసానికి దూరం పెట్టారు. నాకు ట్రైనింగు సీటుకు ఇస్తామన్న సిఫారసు ఇవ్వలేదు. సత్తెనపల్లి వచ్చి జిన్నింగు మిల్లులో చేరాను. అక్క మాట్లాడతానంటే నాన్న ఆపాడు. "వాడు నీ కోసం నిలబడ్డాడు. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే ఇద్దరూ పోతారు" అన్నాడు. ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను వలి చేత, మరియదాసు చేత మాట తీసుకున్నాను.

కోపం రాలేదని చెప్పను. వచ్చింది, చాలా ఏళ్లు. ఉద్యోగం పోయినందుకు కాదు. అక్క ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ పాటల ఊసెత్తలేదు. సిగ్గుపడుతోందనుకున్నాను. దేనికోసం నేను ఇరవై ఆరేళ్లు మిల్లులో ఉన్నానో అది ఆమెకు అక్కర్లేదనుకున్నాను. మొదటి నెలల్లో పత్తి మిషన్ల చప్పుడులో మన పాటలు వినపడేవి. తర్వాత మిషన్లే వినపడేవి. తర్వాత అవీ లేవు.

నా పేరు కొట్టేయించు. కానీ ఆమె ఒప్పుకోకుండా ఆమె పేరు వేయొద్దు. ఆమె చెప్పాలనుకుంటే ఆమే చెప్పాలి.

ఇంత పెద్ద ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. చెయ్యి నొప్పిగా ఉంది.

సాల్మన్

ఒంగోలు
18 మే 2025

మామయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో చదవడం మొదలుపెట్టి, బయట మెట్ల మీద కూర్చుని పూర్తి చేశాను. అదే రోజు అచ్చు ఆపించాను. సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. అమ్మకు బడి సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉంది.

ఏమీ మాట్లాడకుండా నీ ఉత్తరం ఆమె చేతికిచ్చాను. నువ్వు వద్దంటావని తెలుసు. నన్ను తిట్టు. కానీ నువ్వు ఒకటి అనుకుని ఆమె ఒకటి అనుకుని ముప్పై రెండేళ్లు గడిపేశారు, ఇంకొక్క రోజు కూడా నేను ఊరుకోలేకపోయాను.

అమ్మ నిలబడే చదివింది. "సిగ్గా?" అంది. "వాడు అలా అనుకున్నాడా?" గోడకు ఆనుకుని కూర్చుంది. ఫిబ్రవరిలో పెరట్లోకి ఎందుకు వెళ్లిందో చెప్పింది. కమిటీ తర్వాత తన గొంతు తను వినడం అదే మొదటిసారట. అది తనదేనని తనకే నమ్మకం కలగలేదట, ఇంకొక్క నిమిషం వింటే నా ముందే ఏడ్చేసేదట. నువ్వే ఆ రోజుల్ని అసహ్యించుకుంటున్నావనుకుందట. తన వల్ల బతుకు పోయినవాడి ముందు పాటల మాట ఏ మొహంతో ఎత్తాలని.

ఇంకొకటి చెప్పింది. అది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నీకు చెవులు పోయాయని డాక్టరు చెప్పిన వారం నుంచి అమ్మ పాడటం లేదు. చర్చిలో క్వయర్‌లో పెదవులు కదుపుతుంది, అంతే. పక్కన నిలబడే నేను కూడా ఎప్పుడూ గమనించలేదు.

నాన్న సంగతి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయనకు ఈ ముక్క తెలియదు. పాట పెట్టమన్నాడు. విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. నాలుగుసార్లు విన్నాక వంటింట్లోకి వెళ్లి "జయా, ఇది నువ్వేనా" అని అడిగాడు. "నేనే" అంది. అప్పటినుంచి ఆమెతో కొంచెం జాగ్రత్తగా మాట్లాడుతున్నాడు. నిన్న కూరలో ఉప్పు తక్కువైతే చెప్పకుండా తినేశాడు.

ఆ పదకొండు పాటలూ ఈ మనిషివే అనుకుంటూ అమ్మను చూస్తున్నాను. చీర కుచ్చిళ్లు సర్దుకుని, పిల్లల నోట్సులు దిద్దుకుంటూ కూర్చుంటుంది. కనిగిరి నుంచి కొలంబో దాకా ఎవరూ అలా పాడలేదు.

పేరు వేయనా అని అడిగాను. "ఇప్పుడే వద్దు. అచ్చులో చూడటానికి ముందు వాళ్లు నా నోట వినాలి" అంది. ఎవరని అడిగితే చెప్పలేదు. నాగూర్ వలి మామ నంబరు అడిగి తీసుకుంది.

నీ క్రిస్టీనా

సత్తెనపల్లి
30 జూన్ 2025

తల్లీ క్రిస్టీనా,

నిన్న ఆదివారం జరిగింది జరిగినట్టు రాస్తాను. మీ అమ్మ ఫోన్‌లో చెప్పే ఉంటుంది. ఆమె తన గురించి తక్కువ చెబుతుంది కాబట్టి నేను రాయాలి.

మన ఊరి చర్చికి నేను, మీ అత్తయ్య ఎప్పటిలాగే సైకిల్ మీద వెళ్లాం. నాకు ప్రసంగం వినపడదు గదా, మీ అత్తయ్య పక్కన కూర్చుని ముఖ్యమైన మాటలు నోట్‌బుక్‌లో రాసి చూపిస్తుంది. తలెత్తేసరికి ఆడవాళ్ల వైపు అక్క కూర్చుని ఉంది. మీ నాన్న, మార్క్ బావ, గుమ్మం దగ్గర. బయట వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని నాగూర్ వలి. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. వీళ్లెందుకు వచ్చారో నాకు తెలియదు.

సాక్ష్యాలు చెప్పే సమయంలో అక్క లేచి ముందుకు నడిచింది. మాట్లాడటం మొదలుపెట్టింది. మీ అత్తయ్య రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం, "1993లో కొత్తపట్నంలో పాడింది నేనని చెబుతోంది." రెండోది, "తమ్ముడు నా పాట తన మీద వేసుకున్నాడు అంటోంది." తర్వాత పెన్సిల్ ఆగిపోయింది. నేను మోచేత్తో పొడిచాను. "నీ పేరు పెట్టి పిలుస్తోంది. లే" అని రాసింది.

లేచాను. ఎందుకు లేచానో తెలియనట్టు నిలబడ్డాను.

జయరావు గారికి ఎనభై ఆరేళ్లు. ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కర్ర పట్టుకుని లేచి, మెల్లగా నడుచుకుంటూ మగవాళ్ల మధ్య నుంచి నా దగ్గరికి వచ్చాడు. నా రెండు చేతులు పట్టుకుని ఏదో అన్నాడు. మీ అత్తయ్య వైపు చూశాను. "నాకూ వినపడలేదు. ఏడుస్తున్నాడు" అని రాసింది. నేను ఆయన్ని కూర్చోబెట్టాను. ఇన్నేళ్లుగా ఆయన ఎదురైతే ఏమనాలో మనసులో చాలాసార్లు అనుకున్నాను. ఆయన చెయ్యి చాలా తేలిగ్గా ఉంది.

ఆరాధన అయిపోయింది. ఎవరూ లేవలేదు. పాస్టరు గారు అక్కను ఆ పాట ఏదని అడిగారట. అక్క కాసేపు ఆలోచించి, చేతుల మంట పాట అందట. అప్పుడు వెనక్కి తిరిగి నా వైపు చూసి, మూలనున్న డ్రమ్స్ వైపు వేలు చూపించింది.

నేను తల అడ్డంగా ఊపాను. ముప్పై రెండేళ్లయింది కర్రలు ముట్టుకుని. పైగా చెవిటివాడిని. ఆమె వేలు దించలేదు. మీ అత్తయ్య నా వీపు మీద చెయ్యి పెట్టి ముందుకు తోసింది.

వెళ్లి కూర్చున్నాను. కొత్త డ్రమ్స్, పిల్లలు కొనుక్కున్నవి, చాలా మంచివి. అక్క నాకు నాలుగడుగుల ముందు నిలబడింది, వీపు నా వైపు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అప్పుడు ఆమె ఊపిరి తీసుకుంది. భుజాలు లేచాయి. ఆ భుజాలు నాకు తెలుసు. కొట్టాను.

ఆమె ఎలా పాడిందో నన్ను అడగకు. నాకు కనపడింది చెబుతాను. మొదటి పాదానికి ఆడవాళ్ల మొహాలు ఖాళీ అయ్యాయి, పిడుగు పడ్డప్పుడు అవుతాయి చూడు, అలా. రెండో పాదానికి కోతలకు వెళ్లే ఆడవాళ్లు ఒక్కొక్కరే తమ అరచేతులు తిప్పి చూసుకున్నారు. ఎవరో చెప్పినట్టు, ఒకరి తర్వాత ఒకరు. మీ అత్తయ్య కూడా. మార్క్ బావ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. వలి లోపలికి వచ్చి గోడ వారన నిలబడి కళ్లు మూసుకున్నాడు. కిటికీల బయట దారిన పోయేవాళ్లు ఆగిపోయారు. నా గుండె కింద పెద్ద డ్రమ్ము దెబ్బ తగులుతోంది. అది తప్ప నాకు ఇంకేమీ లేదు. అయినా నాకు ఏదీ తక్కువనిపించలేదు. దేవుడు మోషేకు వీపు మాత్రమే చూపించాడని మా నాన్న ప్రసంగంలో చెప్పేవాడు. అంతకంటే చూస్తే మనిషి తట్టుకోలేడట. నిన్న ఆ మాట నాకు అర్థమైంది.

పాట ఎక్కడ అయిపోతుందో మర్చిపోయాను. అక్క చెయ్యి ఎత్తింది. ఆపాను.

తర్వాత అందరం వలి వ్యానులో మా ఇంటికి వచ్చాం. అక్క అన్నం తింటూ మీ అత్తయ్య నోట్‌బుక్ తీసుకుని నాకొక మాట రాసింది. "క్రిస్టీనాకు రాయి. గొంతు జయకుమారి అని వేయమను. ఇంటిపేరుతో సహా."

వేయించు తల్లీ.

సాల్మన్ మామయ్య